విభాగం 9: బలహీన సామ్రాజ్యంలో సర్దారుల పోరు – ఉత్తర సర్కార్లు చేతులు మారిన తీరు (1724–1766)

9.0 లక్ష్యాలు

ఈ విభాగం చదివిన తరవాత మీరు:
• మొగలు చక్రవర్తి అధికారం క్షీణించినా ఆయన పేరు ఎందుకు చెల్లుబాటు అయిందో వివరించగలుగుతారు.
• నిజాముల్ ముల్క్ మరణం తరవాత జరిగిన వారసుల తగాదాను క్రమంగా చెప్పగలుగుతారు.
• రాజమహేంద్రవరం, ఏలూరు సర్కార్లు ఫ్రెంచివారికి, ఆ పైన ఇంగ్లీషు కంపెనీకి ఎలా దక్కాయో విశ్లేషించగలుగుతారు.
• ఇదే రకమైన పరిస్థితి ఏర్పడిన ఇథియోపియాతో మన ప్రాంత చరిత్రను పోల్చగలుగుతారు.

9.1 పరిచయం

బొబ్బిలి యుద్ధం గురించి మీలో వినని వారుండరు. బుర్రకథగానో, సినిమాగానో, తాతగారి నోటి మాటగానో అది మనందరికీ చేరింది. అదే కాలంలో పిఠాపురం సమీపాన చందుర్తి దగ్గర మరో యుద్ధం జరిగింది. గోదావరి జిల్లాల భవిష్యత్తుకు సంబంధించినంతవరకు దాని ఫలితం బొబ్బిలి యుద్ధం కన్నా పెద్దది. అయినా ఆ ఊరి మీదుగా రోజూ బస్సులో వెళ్ళేవారిలో కూడా ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

సంపర్క తరగతుల్లో విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: "గోదావరి సీమను ఇంగ్లీషువాళ్ళు ఏ యుద్ధంలో గెలిచారండీ?" చందుర్తి అని చాలామంది రాస్తారు. అది సగం సమాధానమే. చందుర్తిలో ఓడినవారు ఫ్రెంచివారు. వారి చేతికి ఈ సీమ యుద్ధంలో రాలేదు. ఒక సైన్యానికి ఇవ్వవలసిన జీతం కింద వచ్చింది. ఆ సైన్యాన్ని పిలిచినవాడు హైదరాబాదు సుబేదారు. ఎందుకు పిలిచాడు? తన సొంత అన్నదమ్ముల నుంచి, తన సొంత దివానుల నుంచి తనను కాపాడుకోవడానికి.

కాబట్టి ఈ విభాగంలో మనం యుద్ధాల కన్నా ముందు ఆ తగాదాను అర్థం చేసుకోవాలి. సామ్రాజ్యం బలహీనపడినప్పుడు పై స్థాయి ప్రభువులు ఒకరితో ఒకరు పోరాడితే, ఆ పోరుకయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు? మన ప్రాంతంలో ఆ ఖర్చు కింద జమ అయినది మన నేలే.

9.2 అధికారం పోయినా పేరు మిగిలిన చక్రవర్తి

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో కుతుబ్‌షాహీల పాలన ముగిసి, తీరాంధ్ర మొగలుల దక్కను సుబాలలో భాగమైంది. పరిపాలన కోసం తీరప్రాంతాన్ని సర్కార్లుగా విభజించారు. అవి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్ (కొండపల్లి), ముర్తజానగర్ (గుంటూరు). గోదావరి డెల్టాలో ఎక్కువ భాగం రాజమహేంద్రవరం, ఏలూరు సర్కార్ల కింద ఉండేది. సర్కారు మీద ఫౌజుదారు ఉండేవాడు. ఆయన కింద పెద్దాపురం, పిఠాపురం, మొగల్తూరు, నూజివీడు వంటి జమీందారీలు ఉండేవి.

1707లో ఔరంగజేబు మరణించాడు. తరవాత పన్నెండేళ్ళలో ఢిల్లీ దర్బారు ఎంత దిగజారిందో ఒక్క 1719 సంవత్సరం చూస్తే తెలుస్తుంది. సయ్యద్ సోదరులనే ఇద్దరు సర్దారులు చక్రవర్తి ఫరూక్‌సియర్‌ను పదవి నుంచి దింపి చంపించారు. అదే ఏడాది ఒకరి తరవాత ఒకరిగా ముగ్గురు రాకుమారులను సింహాసనం ఎక్కించారు. మూడోవాడు మహమ్మద్ షా.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. చక్రవర్తిని చంపగలిగినవారు సింహాసనాన్ని మాత్రం తీసివేయలేదు, తాము ఎక్కలేదు. కారణం సులభం. ఏ సర్దారు కూడా మిగిలినవారందరికన్నా బలవంతుడు కాడు. ఒకరు తనంతట తాను రాజునని ప్రకటించుకుంటే మిగిలినవారంతా ఏకమై అతనిపై పడతారు. చక్రవర్తి పేరుతో ఒక ఫర్మానా సంపాదిస్తే, ఎదుటివాడు "తిరుగుబాటుదారు" అవుతాడు, తాను "విధేయుడు" అవుతాడు. అందుకే అందరికీ చక్రవర్తి కావాలి, కాని ఆయన బలంగా ఉండకూడదు.

దీనికి మంచి ఉదాహరణ 1724లో జరిగిన శకర్‌ఖేడా యుద్ధం. నిజాముల్ ముల్క్ ఢిల్లీలో వజీరు పదవి వదలి దక్కనుకు వచ్చాడు. ఆయనను ఆపడానికి చక్రవర్తి పక్షం హైదరాబాదు పాలకుడైన ముబారిజ్ ఖాన్‌ను ప్రోత్సహించింది. బీరారులోని శకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్ యుద్ధంలో మరణించాడు. ఆ తరవాత చక్రవర్తి ఏం చేశాడు? గెలిచిన నిజాముల్ ముల్క్‌నే దక్కను సుబేదారుగా అంగీకరించి, "ఆసఫ్ జా" అనే బిరుదు ఇచ్చాడు. నిజాముల్ ముల్క్ కూడా స్వతంత్రం ప్రకటించుకోలేదు. చక్రవర్తి పేరునే నిలుపుకుంటూ స్వతంత్రుడిలా పాలించాడు.

కాగితం మీద విధేయత, ఆచరణలో స్వాతంత్ర్యం అనే ఈ పద్ధతి కింది స్థాయికి కూడా పాకింది. ఢిల్లీ పట్ల హైదరాబాదు ఎలా ఉందో, హైదరాబాదు పట్ల ఫౌజుదారులు అలాగే ఉన్నారు. ఫౌజుదారుల పట్ల జమీందార్లూ అంతే. పైవాడి చెయ్యి బిగిసినప్పుడు పేష్కషు చెల్లించడం, సడలినప్పుడు నిలిపివేయడం మామూలయింది. 1730 దశకంలో రాజమహేంద్రవరంలో అధికారం నెరపిన రుస్తుం ఖాన్ జమీందార్లను కఠినంగా అణచి, వసూళ్ళకు అమీన్లను పెట్టాడు. ఆ కట్టడి ఆయనతోనే పోయింది. తరవాత జమీందార్లు మళ్ళీ తలెత్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) సర్దారులు చక్రవర్తిని దింపినా సింహాసనాన్ని ఎందుకు రద్దు చేయలేదు?
(ఆ) శకర్‌ఖేడా యుద్ధ ఫలితం చక్రవర్తి స్థితిని గురించి ఏం చెబుతుంది?

9.3 వారసుల తగాదా (1748–1752)

1748లో నిజాముల్ ముల్క్ బుర్హాన్‌పూర్‌లో మరణించాడు. పెద్ద కొడుకు ఘాజీయుద్దీన్ ఢిల్లీలో ఉన్నాడు. రెండో కొడుకు నాసర్ జంగ్ దగ్గరలో ఉన్నాడు కనుక ఖజానా, సైన్యం చేజిక్కించుకున్నాడు. ఈ నాసర్ జంగ్ 1741లో తండ్రి మీదే తిరుగుబాటు చేసి ఓడిపోయినవాడు. కూతురి కొడుకు ముజఫర్ జంగ్ కూడా సుబేదారీ తనదేనన్నాడు. తమ తమ హక్కుకు ఇద్దరూ చక్రవర్తి అనుమతినే చూపించారు. ఇంకా సలాబత్ జంగ్, నిజాం అలీ, బసాలత్ జంగ్ అనే కొడుకులు ఉన్నారు.

సుబేదారీ నిజానికి చక్రవర్తి ఇచ్చే ఉద్యోగం. దానికి వారసత్వ నియమం లేదు. ఉద్యోగాన్ని ఆస్తిగా మార్చుకున్నారు కాని, ఆస్తి పంపకానికి ఉండే కట్టుబాట్లు దానికి లేవు. తగాదా తీర్చగల పెద్ద లేడు. కనుక కత్తే తీర్పు చెప్పింది.

ముజఫర్ జంగ్ పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే సాయం కోరాడు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర ఫ్రెంచి దళం దాడి చేసిన సమయంలో, నాసర్ జంగ్‌ను ఆయన వెంట వచ్చిన కడప, కర్నూలు నవాబుల పక్షమే కుట్ర చేసి చంపింది. ముజఫర్ జంగ్ సుబేదారయ్యాడు. బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచి దళం ఆయనను వెంటబెట్టుకొని హైదరాబాదుకు బయలుదేరింది. రెండు నెలలు తిరగకుండానే రాయచోటి ప్రాంతంలో అదే నవాబులతో జరిగిన పోరులో ముజఫర్ జంగ్ మరణించాడు. కొత్త సుబేదారు కావాలి. శిబిరంలోనే నిర్బంధంలో ఉన్న సలాబత్ జంగ్‌ను బుస్సీ అక్కడికక్కడే సుబేదారుగా నిలబెట్టాడు.

1752లో పెద్దవాడు ఘాజీయుద్దీన్ చక్రవర్తి నియామకంతో, మరాఠాల అండతో దక్కను వచ్చాడు. ఔరంగాబాదులో విషప్రయోగంతో మరణించాడు. నాలుగేళ్ళలో ముగ్గురు హక్కుదారులు పోయారు. మిగిలిన సలాబత్ జంగ్ బలవంతుడు కాబట్టి మిగల్లేదు. ఆయన వెనుక బుస్సీ దళం ఉంది కాబట్టి మిగిలాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, దర్బారులోని వారందరికీ తెలుసు.

9.4 జీతానికి బదులు సీమ: 1753 ఏర్పాటు

ఈ విభాగంలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది.

బుస్సీ దళం కిరాయి దళం. నెలనెలా జీతం నగదుగా ఇవ్వాలి. హైదరాబాదు ఖజానాలో నగదు లేదు. మరాఠాలకు చౌతు పోతోంది, ఫౌజుదారుల నుంచి వసూళ్ళు రావడం లేదు. దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఫ్రెంచివారి పలుకుబడిని సహించలేకపోయాడు. 1753లో బుస్సీ జబ్బుపడి బందరులో విశ్రాంతి తీసుకుంటుండగా, దివాను ఆ దళాన్ని ముక్కలు చేసి దూరదూరంగా పంపాడు. జీతాలు బిగబట్టాడు. జీతం లేని సైన్యం తనంతట తానే చెదిరిపోతుందని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పింది. బుస్సీ తిరిగివచ్చి, దళాన్ని కూడగట్టుకొని ఔరంగాబాదు చేరాడు. ఇకపై దివాను దయ మీద ఆధారపడకుండా జీతాలకు శాశ్వతమైన ఏర్పాటు కావాలన్నాడు. 1753 చివర సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల రాబడిని ఆ దళం ఖర్చుల కోసం వదిలాడు. ఫ్రెంచివారి కోణంలో ఈ ఎంపిక తెలివైనది. ఈ సర్కార్లు సముద్రతీరాన ఉన్నాయి. బందరు అప్పటికే వారి చేతిలో ఉంది. యానాంలో వారి స్థావరం ఉంది. డెల్టా నేత బట్టకు ఐరోపాలో గిరాకీ ఉంది.

సలాబత్ జంగ్ దృష్టిలో ఇది అసాధారణమైన పని కాదు. మొగలు పాలనలో మన్సబుదార్లకు జీతానికి బదులు ఒక ప్రాంతపు రాబడిని జాగీరుగా ఇవ్వడం నిత్యం జరిగేదే. అయితే జాగీరుకు ఒక షరతు ఉండేది. అది బదిలీ అవుతుంది. కొన్నేళ్ళకోసారి జాగీరుదారును అక్కడి నుంచి తీసి మరో చోట వేసేవారు. అతను స్థానికంగా వేళ్ళూనకుండా చేసే కట్టడి అదే. 1753లో జాగీరు పద్ధతి మిగిలింది, బదిలీ చేయగల శక్తి మిగల్లేదు. పొలం కౌలుకిచ్చిన యజమాని తిరిగి అడగలేని స్థితిలో ఉంటే ఆ కౌలు ఏమవుతుందో పల్లెటూళ్ళో పుట్టిన మీకు నేను వివరించనక్కరలేదు.

మరో తేడా కూడా ఉంది. మామూలు జాగీరుదారు వ్యక్తి. చనిపోతే జాగీరు దర్బారుకు తిరిగివస్తుంది. కంపెనీకి చావు లేదు. ఒక అధికారి పోతే మరొకడు వస్తాడు, దస్తావేజు మాత్రం అలాగే ఉంటుంది.

9.5 సర్కార్లలో దాని పర్యవసానం

ఔరంగాబాదులో సంతకమైన ఏర్పాటు గోదావరి తీరంలో అమలు కావాలి. అప్పటికి రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్. తన పదవి పోతోందని గ్రహించి ఆయన ఎదురు తిరిగాడు. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజును తనతో కలుపుకున్నాడు. బందరులోని ఫ్రెంచి అధికారి మొరాసిన్ విజయరామరాజుకు ఈ రెండు సర్కార్లనూ తక్కువ మొత్తానికి ఇజారాకిస్తానని కబురుపెట్టాడు. విజయరామరాజు పక్షం మార్చాడు. ఒంటరిగా మిగిలిన జాఫర్ అలీ నాగపూరు మరాఠా ప్రభువు రఘోజీ భోంస్లే సాయం కోరాడు. 1754లో మరాఠా దళాలు వచ్చి విజయరామరాజును ఓడించి, గోదావరి దాటి, ఊళ్ళు దోచుకొని, దొరికినది పట్టుకొని వెళ్ళిపోయాయి.

చూడండి, పై స్థాయిలో జరిగినదే ఇక్కడా జరిగింది. సలాబత్ జంగ్ తన పదవి కోసం ఫ్రెంచివారిని పిలిచాడు. జాఫర్ అలీ తన పదవి కోసం మరాఠాలను పిలిచాడు. పిలిచిన వారికి ఫీజు చెల్లించింది ఇద్దరూ కాదు, సర్కార్ల రైతు.

ఆనాటి డెల్టాను నేటి డెల్టాగా ఊహించుకోకండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకు వంద సంవత్సరాల ముందు కాలువలు లేవు, రెండు పంటల భరోసా లేదు. వాన ఆలస్యమైతే కరువు, గోదావరి పొంగితే వరద. అలాంటి నేల మీద ఒకే పంటకు ఫౌజుదారు మనిషి, జమీందారు మనిషి, ఇజారాదారు మనిషి వేరువేరుగా కిస్తు అడిగే పరిస్థితి ఏర్పడింది. ఎవరికి చెల్లించినా, రెండోవాడు వచ్చి ఆ చెల్లింపు చెల్లదంటాడు. సైన్యం నడిచే దారిలో ఉన్న ఊరికి పశువులు, గడ్డి, ధాన్యం మిగలవు. చరిత్ర గ్రంథాల్లో "అరాచకం" అనే ఒక్క మాటతో తేల్చే పరిస్థితి ఊళ్ళో ఇలా ఉంటుంది.

1756 చివర బుస్సీ స్వయంగా రాజమహేంద్రవరం వచ్చి జమీందార్ల నుంచి బాకీలు వసూలు చేస్తూ ఉత్తరానికి సాగాడు. విజయరామరాజు తన పాత పగను ఈ దండయాత్రకు ముడిపెట్టాడు. ఫలితం 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం. బొబ్బిలి రంగారావు కోటలో మరణించాడు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన డేరాలోనే చంపాడు. ఈ కథ మీకు తెలుసు. మీరు గుర్తుంచుకోవలసినది దాని నేపథ్యం. ఇద్దరు తెలుగు ప్రభువుల వైరంలో ఫ్రెంచి ఫిరంగులు ఉండటానికి కారణం హైదరాబాదులోని అన్నదమ్ముల వైరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) మొగలు జాగీరుకు, 1753లో ఫ్రెంచివారికి ఇచ్చిన సర్కార్లకు గల తేడాలు రెండు రాయండి.
(ఆ) జాఫర్ అలీ ఖాన్ చర్యలను సలాబత్ జంగ్ చర్యలతో పోల్చండి.

9.6 దర్బారులో కత్తులు (1756–1758)

సర్కార్లు పొందాక కూడా బుస్సీ స్థానం స్థిరపడలేదు. కొత్త దివాను షా నవాజ్ ఖాన్ 1756లో ఫ్రెంచి దళాన్ని కొలువు నుంచి తొలగింపజేశాడు. బుస్సీ హైదరాబాదులోని చార్‌మహల్‌లో మోహరించి, బందరు నుంచి సాయం వచ్చేదాకా నిలదొక్కుకొని, చివరకు సలాబత్ జంగ్‌తో రాజీపడ్డాడు. 1758 మే నెలలో ఔరంగాబాదులో ఈ వైరం పరాకాష్ఠకు చేరింది. బుస్సీ వ్యవహారాలు చూసే హైదర్ జంగ్‌ను నిజాం అలీ తన డేరాకు పిలిపించి చంపించాడు. ఆ గలాటాలో అదే రోజు షా నవాజ్ ఖాన్ కూడా హతుడయ్యాడు.

ఈ షా నవాజ్ ఖాన్ సామాన్యుడు కాడు. మొగలు సర్దారుల జీవితచరిత్రలను పారసీకంలో "మాసిరుల్ ఉమ్రా" పేరుతో సంకలనం చేసిన పండితుడు. ఎవరు ఎవరిని ఎలా పడగొట్టారో రెండు వందల ఏళ్ళ చరిత్ర తెలిసినవాడు అదే రకమైన కుట్రకు బలయ్యాడు. ఆయన ఇల్లు దోపిడీకి గురైనప్పుడు ఆ రాతప్రతి చెల్లాచెదురయింది. మిత్రుడైన ఆజాద్ బిల్గ్రామీ ఏడాది పాటు వెతికి దానిని తిరిగి సంపాదించాడు. ఈనాడు మొగలు ప్రభువర్గం గురించి రాసే ప్రతి చరిత్రకారుడూ ఆ గ్రంథాన్ని ఉపయోగిస్తాడు.

దివానులు ఫ్రెంచివారిని వ్యతిరేకించింది "స్వదేశం" కోసమని, సలాబత్ జంగ్ "ద్రోహి" అని కొందరు జవాబు పత్రాల్లో రాస్తారు. అలా రాయకండి. ఆ మాటలకు ఈనాడున్న అర్థం ఆనాడు లేదు. సలాబత్ జంగ్ ప్రాణభయంతో ఉన్నాడు. ఆ భయం అకారణమైనది కాదని తరవాత తేలింది. దివాను తన పదవిని కాపాడుకున్నాడు. ఎవరి లెక్క వారికి సబబుగానే ఉంది. అన్ని లెక్కలూ కలిపితే వచ్చిన మొత్తం మాత్రం ఎవరూ కోరుకున్నది కాదు.

9.7 చందుర్తి నుంచి బందరు వరకు (1758–1759)

1758లో కొత్త ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసు ముట్టడి కోసం బుస్సీని దక్షిణానికి పిలిపించాడు. సర్కార్లు కాన్‌ఫ్లాన్స్ అనే అధికారి చేతికి వచ్చాయి. విజయరామరాజు వారసుడు ఆనంద గజపతి రాజు ఫ్రెంచి ఏర్పాట్లతో అసంతృప్తిగా ఉన్నాడు. ఇదే అదనని విశాఖపట్నంలో ఫ్రెంచివారిని పట్టుకొని, ఇంగ్లీషువారికి కబురుపెట్టాడు. మద్రాసు స్వయంగా ఆపదలో ఉంది. కలకత్తా నుంచి క్లైవు కర్నల్ ఫోర్డ్‌ను సుమారు 500 మంది యూరోపియన్ సైనికులతో, 2,000 మంది సిపాయిలతో సముద్రమార్గాన పంపాడు.

ఆనంద గజపతికి, ఫోర్డ్‌కు కుదిరిన ఒప్పందం ఈ విభాగం సారాన్నంతా చెబుతుంది. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి. గెలిచిన లోతట్టు ప్రాంతాలు రాజువి. తీరంలోని రేవులు కంపెనీవి. మళ్ళీ అదే లెక్క: సైన్యం వారిది, ఖర్చు నేలది.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. వెంటనే రాజమహేంద్రవరం కోట ఇంగ్లీషువారి వశమయింది. ఆ పైన రాజు ఒప్పుకున్న డబ్బు ఇవ్వడంలో జాప్యం చేశాడు. ఫోర్డ్ దళం వారాల తరబడి కదలలేదు. చివరకు బందరు చేరి, 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి కోట మీద దాడిచేసి పట్టుకుంది.

ఆ సమయంలో సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి సాయంగా పెద్ద సైన్యంతో బందరు సమీపానికి వచ్చి ఉన్నాడు. ఫోర్డ్ దళం కన్నా ఆ సైన్యం ఎన్నో రెట్లు పెద్దది. అయినా ఆయన యుద్ధం చేయలేదు. ఎందుకు? తాను లేని సమయం చూసి తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు మీదికి వస్తున్నాడన్న వార్త అందింది. ముందున్న శత్రువు కన్నా వెనుకనున్న తమ్ముడే ఆయనకు ఎక్కువ ప్రమాదంగా తోచాడు. 1759 మే 14న ఇంగ్లీషువారితో సంధి చేసుకొని, బందరును, దానిని ఆనుకొని ఉన్న ప్రాంతాలను వారికి వదిలి, ఫ్రెంచివారిని తన రాజ్యంలో ఉండనివ్వనని మాట ఇచ్చి వెనుదిరిగాడు.

అంత చేసినా పదవి నిలవలేదు. 1761లో నిజాం అలీ ఆయనను తొలగించి బీదరు కోటలో బంధించాడు. 1763లో సలాబత్ జంగ్ అక్కడే మరణించాడు.

9.8 ఫర్మానా, ఒప్పందం (1765–1766)

ఢిల్లీలో కూడా ఇదే కుటుంబపు మరో శాఖ ఇదే పని చేస్తూ ఉంది. ఘాజీయుద్దీన్ కొడుకు ఇమాదుల్ ముల్క్ 1754లో చక్రవర్తి అహ్మద్ షాను దింపి గుడ్డివాణ్ణి చేయించాడు. 1759లో రెండో ఆలంగీర్‌ను చంపించాడు. తరవాతి చక్రవర్తి షా ఆలం ఢిల్లీలో అడుగుపెట్టలేక తూర్పు ప్రాంతాల్లో తిరిగాడు. 1764లో బక్సారులో ఆయన పక్షం ఓడాక కంపెనీ రక్షణలోకి వచ్చాడు.

1765 ఆగస్టు 12న షా ఆలం బెంగాలు దివానీతో పాటు ఉత్తర సర్కార్లను కూడా కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీచేశాడు. ఆయన ఈ సర్కార్లను ఎన్నడూ చూడలేదు. ఇక్కడి నుంచి ఆయనకు రాబడి లేదు. కాని ఆ ముద్రకు విలువ ఉంది. నలభై ఏళ్ళుగా సర్దారులందరూ ఒకరిపై ఒకరు వాడుకోవడానికి బతికించి ఉంచిన ముద్ర అది. చివరకు దానిని కంపెనీ వాడుకుంది.

నిజాం అలీ దీనిని ఒప్పుకోలేదు. యుద్ధానికి డబ్బు కంపెనీకీ చాలదు. 1766 నవంబరు 12న హైదరాబాదులో ఒప్పందం కుదిరింది. కంపెనీ సర్కార్లను ఉంచుకొని ఏటా నిజాముకు కొంత మొత్తం చెల్లిస్తుంది. ఐదు సర్కార్లూ చేతికి వచ్చాక అది 9 లక్షల రూపాయలు. అందులో రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగర్లకు కలిపి 5 లక్షలు. అవసరమైనప్పుడు నిజాముకు సైనిక సాయం చేస్తుంది. గుంటూరు సర్కారు బసాలత్ జంగ్ బతికి ఉన్నంతకాలం ఆయనకే ఉంటుంది. అది 1788లో కంపెనీకి వచ్చింది. 1823లో కంపెనీ ఏటా ఇవ్వవలసిన 7 లక్షల బదులు సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు ఒక్కసారిగా లెక్కగట్టి ఆ బాధ్యతను తీర్చేసుకుంది.

1753లో "సైన్యం కోసం సీమ". 1766లోనూ "సైన్యం కోసం సీమ". పదమూడేళ్ళలో పద్ధతి మారలేదు, కంపెనీ పేరు మారింది.

9.9 ఒక పోలిక: ఇథియోపియా

ఇది మన దేశానికే పరిమితమైన పరిణామం కాదు. దాదాపు అదే కాలంలో ఆఫ్రికాలోని ఇథియోపియా సామ్రాజ్యంలో ఇలాంటి దశ వచ్చింది. దానిని అక్కడివారు "జెమెనె మెసాఫింత్", అంటే ప్రభువుల యుగం అంటారు. 1769లో తిగ్రే ప్రాంతపు ప్రభువు రాస్ మికాయేల్ సెహుల్ చక్రవర్తి ఇయోయాస్‌ను చంపించడంతో అది మొదలైందని చరిత్రకారులు లెక్కిస్తారు. రాజధాని గోండార్‌లో చక్రవర్తులు ఉండేవారు. అధికారం మాత్రం "రాస్" అనే బిరుదున్న ప్రాంతీయ ప్రభువులది. తెక్లె గియోర్గిస్ అనే చక్రవర్తిని ఆ ప్రభువులు ఆరుసార్లు సింహాసనం ఎక్కించి దించారు. అక్కడ కూడా సింహాసనాన్ని ఎవరూ రద్దు చేయలేదు. కారణం మీరు 9.2లో చదివినదే.

తేడా ముగింపులో ఉంది. ఇథియోపియాలో ఆ దశకు తెరదించినవాడు అక్కడి నుంచే ఎదిగిన కాసా అనే నాయకుడు. ప్రత్యర్థులను ఒక్కొక్కరినీ ఓడించి 1855లో తెవోద్రోస్ పేరుతో చక్రవర్తి అయ్యాడు. మన దగ్గర ప్రత్యర్థుల మధ్య జీతానికి కుదిరిన సైన్యమే చివరకు యజమాని అయింది. ఎందుకు? ఇథియోపియా కేంద్రభూమి సముద్రానికి దూరంగా, ఎత్తైన పీఠభూమి మీద ఉంది. మన సర్కార్లు సముద్రం ఒడ్డున, కంపెనీల ఓడలు ఆగే రేవుల వెంబడి, నేత బట్టకు పేరుపడిన చోట ఉన్నాయి. ఈ కారణం ఒక్కటే సరిపోతుందా అన్నది మీరు ఆలోచించవలసిన విషయం.

9.10 సారాంశం

మొగలు అధికారం క్షీణించాక సర్దారులు చక్రవర్తి పేరును నిలిపి, బలాన్ని తీసివేశారు. 1748 తరవాత ఆసఫ్‌జాహీ వారసులు తమలో తాము పోరాడుతూ బయటి సైన్యాలను కుదుర్చుకున్నారు. నగదు లేక నేల రాబడిని జీతంగా ఇచ్చారు. ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోగల అధికారం ఎవరికీ లేకపోవడంతో అది శాశ్వతమైంది. చందుర్తి, బందరు యుద్ధాలు ఆ జీతాన్ని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చాయి. 1765 ఫర్మానా, 1766 ఒప్పందం దానికి చట్టరూపం ఇచ్చాయి. ఈ మొత్తం వ్యవహారంలో సంతకం అవసరం లేనివాడు, భారం మాత్రం మోసినవాడు గోదావరి రైతు.

వీలైతే ఒకసారి చందుర్తి వెళ్ళి రండి. వరిచేల మధ్య నిలబడి, ఇక్కడ పోరాడిన రెండు సైన్యాలనూ పిలిచింది ఎవరు, వాటి ఖర్చు ఏ పొలం నుంచి వచ్చింది అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. పరీక్షలో ఏ ప్రశ్న వచ్చినా ఆ రెండు ప్రశ్నలే మీకు దారి చూపుతాయి.

9.11 కీలక పదాలు

సుబేదారు: మొగలు సుబా పాలకుడు.
ఫౌజుదారు: సర్కారులో సైనిక, పాలనాధికారాలు గల అధికారి.
జాగీరు: జీతానికి బదులు ఇచ్చే భూమి రాబడి హక్కు.
ఇజారా: నిర్ణీత మొత్తానికి శిస్తు వసూలు హక్కును గుత్తకివ్వడం.
పేష్కషు: పై అధికారికి చెల్లించే కప్పం.
ఫర్మానా: చక్రవర్తి ముద్రతో జారీ అయ్యే ఆజ్ఞాపత్రం.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1748–1752 మధ్య జరిగిన ఆసఫ్‌జాహీ వారసత్వ పోరును వివరించి, దానికి ఉత్తర సర్కార్లతో గల సంబంధాన్ని విశ్లేషించండి.
2. "ఉత్తర సర్కార్లు యుద్ధంలో పోలేదు, జీతం కింద పోయాయి." చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1759లో సలాబత్ జంగ్ ఇంగ్లీషువారితో సంధి చేసుకోవడానికి కారణాలు తెలపండి.
2. 1765 ఫర్మానాకు గల ప్రాముఖ్యం ఏమిటి?
3. జెమెనె మెసాఫింత్ ముగిసిన తీరును ఉత్తర సర్కార్ల అనుభవంతో పోల్చండి.